లండన్ పాత పోస్టర్లు కొనేవాళ్లు ఈయనతో జాగ్రత్త

ఒళ్లు మండిపోయి రాస్తున్నాను. యూకే తెలుగు గ్రూపుల్లో పాత పోస్టర్లు అమ్మే ఆయన దగ్గర దయచేసి ఎవరూ కొనకండి. ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది.

నేను తీసుకున్నది 1930ల నాటి లండన్ ట్రాన్స్‌పోర్ట్ పోస్టర్, చిల్టర్న్ కొండలకి రమ్మని పిలిచేది. 450 పౌండ్లు. లండన్ అండర్‌గ్రౌండ్ రైళ్ల ప్రచారాన్ని ఫ్రాంక్ పిక్ అనే అధికారి 1908లో చేపట్టాక మొదలైన వరస ఇది. సెలవు రోజుల్లో ఖాళీగా తిరిగే రైళ్లూ బస్సులూ నిండాలని ఊరవతలి అడవుల్నీ కొండల్నీ మంచి ఆర్టిస్టులతో గీయించి స్టేషన్లలో అంటించేవారు. మెక్‌నైట్ కాఫర్ అనే ఆర్టిస్టు 1915లో వేసిన ఆక్సీ వుడ్స్ పోస్టర్ చూసినప్పటి నుంచి ఇవంటే నాకు ప్రాణం.

పోస్టర్ చుట్టి పంపిన అట్ట గొట్టం విప్పగానే గుండె జారిపోయింది. డబుల్ రాయల్ సైజు, అంటే 25 × 40 అంగుళాలు అని రాశాడు. వచ్చింది అందులో సగం కూడా లేదు. ఫోటోలో అడుగున ప్రింటర్ పేరు స్పష్టంగా ఉంది, ఇందులో ఆ అంచే లేదు. భూతద్దం పెట్టి చూస్తే బొమ్మలోని బీచ్ (beech) చెట్ల ఆకుల నిండా వరసగా నాలుగు రంగుల చుక్కలు. ఈ కాలపు ఆఫ్‌సెట్ ప్రింటు అది. పాతకాలపు లితో (లితోగ్రాఫ్) అచ్చులో ఒక్కో రంగూ విడిగా, నిండుగా పరుచుకుని ఉంటుంది. ముందువైపు టీ డికాషన్ పూసినట్టు పసుపు, వెనక్కి తిప్పితే తెల్లగా మెరిసిపోతోంది.

ఫోన్ చేశాను. డబ్బు పంపేదాకా "అక్కా, మీకోసమే పక్కన పెట్టాను" అన్న మనిషి, "బొమ్మ అదే కదండీ, గోడకి పెట్టాక ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. ఒరిజినల్ అని రాశారు కదా అంటే "ఎక్కడ రాశాను, చూపించండి" అని గట్టిగా అరిచాడు. పోస్టు తెరిచి చూస్తే, నేను లైన్లో ఉండగానే మార్చేశాడు! "ఒరిజినల్" పోయి "వింటేజ్ స్టైల్" వచ్చింది. నా దగ్గర పాత స్క్రీన్‌షాట్ ఉందని చెప్పగానే ఫోన్ పెట్టేసి బ్లాక్ చేశాడు. ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

రీప్రింట్ చాలనుకుంటే లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం షాపులో రీప్రింట్ అని చెప్పే అమ్ముతారు, ధరా తక్కువే. ఒరిజినల్ అయితే చేత్తో పట్టుకుని చూశాకే డబ్బివ్వండి. షాపులో కొంటే క్రెడిట్ కార్డు వాడండి, 100 పౌండ్లు దాటితే యూకే కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీని కూడా అడగొచ్చు. నా చేత బ్యాంక్ ట్రాన్స్‌ఫరే చేయించుకున్నాడు, బ్యాంకులో కంప్లయింట్ పెట్టాను.

నిన్న రాత్రి అదే ఫోటోతో మళ్లీ అమ్మకానికి పెట్టాడు, మళ్లీ "ఒరిజినల్" అనే. ఎవరైనా అడ్వాన్స్ పంపి ఉంటే ఇవాళే మీ బ్యాంకుకి ఫోన్ చేయండి. స్క్రీన్‌షాట్లు కావాలంటే అడగండి, పంపుతాను.