హ్యాండిల్ ఎందుకు వదులవుతోందో వెతికి చూసిన షాపు

నల్గొండలో సైకిల్ ఎక్కడ బాగుచేయించుకోవాలని ఎవరైనా అడిగితే నేను చెప్పే చోటు ఇక ఒక్కటే. ప్రకాశం బజారు దాటాక వచ్చే సందులో, వేపచెట్టు నీడన ఉన్న రేకుల షెడ్డు. బోర్డు లేదు. చెట్టుకు వేలాడే పాత టైర్లే గుర్తు. మూడు నెలలు నన్ను ఏడిపించిన హ్యాండిల్‌ను అక్కడ ఒక్క పూటలో దారికి తెచ్చారు.

నేను ఇంటింటికీ పేపర్లు వేస్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకు బస్టాండు దగ్గర కట్టలు అందుకుని, గడియారం సెంటర్ మీదుగా రామగిరి, అక్కడి నుంచి పానగల్లు దాకా నా లైను. పాత నల్ల సైకిలు. సగం పేపర్లు వెనక క్యారియర్ మీద, సగం హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో. పండుగ రోజుల్లో ప్రకటనల పేజీలు పెరిగితే ఆ సంచి ఎత్తడానికే చేతులు లాగుతాయి. ఆ బరువు, గుంతల్లో పడ్డప్పుడు తగిలే దెబ్బ, అన్నీ చేరేది ఫ్రేము మెడలో, అంటే హ్యాండిల్ దిగే గొట్టంలో, పైనా కిందా ఉండే రెండు కప్పులకు, వాటిలో తిరిగే గోళీలకు.

మొదట ముందు బ్రేకు వేసినప్పుడల్లా మెడ దగ్గర టక్కుమనేది. తరువాత స్పీడ్ బ్రేకర్ దాటితే హ్యాండిల్ మొత్తం అదిరేది. అప్పట్లో వెళ్లే షాపులో పైనున్న నట్టు బిగించి 20 రూపాయలు తీసుకున్నారు. వారం తిరగకుండా మళ్లీ వదులు. అలా నాలుగుసార్లు. నాలుగోసారి నేనే గట్టిగా బిగించమన్నాను. అంతే, హ్యాండిల్ తిప్పాలంటే భుజాలతో తోయాల్సి వచ్చింది. రెండో రోజు పానగల్లు చెరువు కట్ట దగ్గర మలుపులో కుక్క అడ్డొచ్చింది, హ్యాండిల్ తిరగలేదు, పడ్డాను. ఆ పూట 14 ఇళ్లకు బురదంటిన పేపర్లు వేశాను. ఒక్కరు కూడా ఒక మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వేపచెట్టు షాపు పెద్దాయన నేను చెప్పిందంతా విన్నారు కానీ పానా చేతిలోకి తీసుకోలేదు. "ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపండి అన్నా" అన్నారు. నేను ఊపుతుంటే ఆయన పై కప్పుకూ దాని మీది మూతకూ మధ్య వేలు ఆనించి చూశారు, తరువాత కింద చూశారు. ఆపైన నా వేలునూ అక్కడే పెట్టించి తాను ఊపారు. కప్పు అంచు నా వేలి కింద సన్నగా కదలడం తెలిసింది. బ్రేకు కడ్డీలు వదులుగా ఉన్నా ఇలాంటి చప్పుడే వస్తుందట, అందుకే చెవిని కాదు, వేలిని నమ్మాలన్నారు.

తరువాత ముందు చక్రం గాల్లోకి ఎత్తి, హ్యాండిల్‌ను ఒక్క వేలితో మెల్లగా తిప్పమన్నారు. తిన్నగా వచ్చేసరికి అది గుంటలో పడ్డట్టు ఆగిపోయింది. "విప్పాల్సిందే" అన్నారు.

విప్పాక కనిపించిన రెండు వస్తువుల కోసమే ఇదంతా రాస్తున్నాను. ఒకటి, పై నట్టు కింద ఉండే వాషర్. దాని లోపలి అంచున చిన్న పన్ను ఉండాలి, అది ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టం మీది గాడిలో కూర్చోవాలి. అప్పుడు పై నట్టు తిప్పినా ఆ తిప్పుడు కింది మూతకు చేరదు. నా బండిలో ఎవరో ఎప్పుడో పన్ను లేని మామూలు వాషర్ వేశారు. దాంతో నట్టు బిగిస్తే మూత కూడా తిరిగి గోళీలను నొక్కేస్తోంది. హ్యాండిల్ తిప్పీ తిప్పీ నడిపితే రెండూ కలిసి వెనక్కి జారుతున్నాయి.

రెండోది, ఫోర్కు అడుగున ఉండే రింగు. పెద్దాయన దాన్ని పాత గుడ్డతో తుడిచి ఎండలో పట్టుకున్నారు. గోళీలు తిరిగే, నున్నగా ఉండాల్సిన దారిలో వరసగా గుంటలు, మెత్తటి మట్టిలో జొన్నగింజలు ఒత్తి తీసినట్టు. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి గోళీలు ఉన్నచోటే ఊగుతూ గ్రీజును పక్కకు తోసేసి, రోడ్డు మీది ప్రతి గుంతకూ అక్కడే దెబ్బ కొట్టాయి. తిన్నగా ఉన్నప్పుడు గోళీలు గుంటల్లో దిగి మెడ వదులవుతుంది. పక్కకు తిప్పితే గట్టు ఎక్కి బిగుసుకుంటుంది. ఈ రింగు మార్చకుండా ఎంత బిగించినా లాభం లేదని అప్పుడు అర్థమైంది.

కప్పులు, రింగు, గోళీలు, పన్నున్న వాషర్ అన్నీ కొత్తవి వేశారు. కప్పులను సుత్తితో కొట్టలేదు. పొడవాటి బోల్టుకు రెండు చివరలా మందపాటి బిళ్లలు వేసి, నట్టు తిప్పుతూ కప్పును ఫ్రేములోకి వంకర లేకుండా నొక్కారు. కప్పు నిండా గ్రీజు పూసి గోళీలు పేర్చి, ఒక గోళీ పట్టేంత ఖాళీ వదిలారు. మూతను చేత్తో అందేదాకా బిగించి, కొద్దిగా వెనక్కి తిప్పి, దాన్ని ఒక పానాతో కదలకుండా పట్టుకుని రెండో పానాతో పై నట్టు బిగించారు. మళ్లీ బ్రేకు పట్టి ఊపడం, చక్రం ఎత్తి తిప్పడం. మూడోసారికి గానీ ఆయనకు తృప్తి కలగలేదు.

సామానుకు 150, కూలి 100. అంతసేపు పనిచేసిన చేతులకు ఆ వంద తక్కువే అనిపించింది.

ఆ రోజే ఒక కాలేజీ కుర్రాడు గేర్ల సైకిల్ తెచ్చాడు. అదే జబ్బు, కానీ దాని మెడలో పెద్ద నట్టు ఉండదు. పై మూత బోల్టును ఎంత బిగించినా ఆగడం లేదని అతని గోడు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే పక్క బోల్టులు ముందు వదులు చేసి, పై బోల్టుతో ఊగిసలాట పోయేంత మాత్రమే బిగించి, ఆ తరువాత పక్క బోల్టులు బిగించాలని చూపించారు. పట్టి ఉంచేది పక్కవే, పైది సర్దడానికే. పది నిమిషాల్లో అయిపోయింది, అతని దగ్గర డబ్బులు తీసుకోలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంటుంది. ఫోను ఎత్తరు. ఒక్కరే పనిచేస్తారు కాబట్టి తొమ్మిదింటికి ఇచ్చిన నా బండి చేతికొచ్చేసరికి రెండయింది. తొందరపెడితే పని పక్కన పెట్టేస్తారు, ఒకాయనకు అలా జరగడం చూశాను. బండి ఉదయమే అప్పగించి వేరే పని చూసుకోవడం మంచిది.

కొత్త కప్పులు సర్దుకుంటాయి, రెండు వారాలకు ఒకసారి చూపించమన్నారు. వెళ్తే నట్టు విప్పి, మూతను అటూ ఇటూ కాస్త సర్ది, మళ్లీ బిగించి పంపారు. అది జరిగి ఐదు నెలలు. ఈ మధ్యలో ఒక వానాకాలం గడిచింది. ఇప్పటికీ రోజూ బస్టాండు దగ్గర సంచి తగిలించగానే బ్రేకు పట్టి, వేలు ఆనించి, ఒకసారి ఊపి చూస్తాను. కదలడం లేదు.