పంపు అడుగున ఉన్న చిల్లు

మైలవరం రిజర్వాయర్‌లో ఏడేళ్లుగా నా బోటును లాగుతున్న చిన్న డీజిల్ ఇంజిన్ ఎలా ఉందని చాలామంది అడుగుతుంటారు. హార్స్‌పవర్, డీజిల్ ఖర్చు అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది దాని నీళ్ల పంపు గురించి, అందులోనూ పంపు అడుగున ఉన్న చిల్లు గురించి. పెసరగింజ పట్టేంత ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టినవాడికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

బెల్ట్‌తో తిరిగే పంపు ఇది. రబ్బరు రెక్కల ఇంపెల్లర్ రిజర్వాయర్ నీళ్లు పీల్చి ఇంజిన్‌లోకి తోస్తుంది. షాఫ్ట్‌కు నీళ్ల వైపు సీలు, వెనక బేరింగులు. ఆ రెండింటి మధ్య ఖాళీకి కిందనున్నదే ఈ చిల్లు. సీలు అరిగితే నీళ్లు బేరింగుల్లోకి పోకుండా ఇక్కడినుంచి బయటికి కారిపోతాయి. చుక్క కనబడితే సీలు మార్చాలని లెక్క.

నాకది తెలియదు. రెండేళ్ల కిందట చుక్కలు పడుతుంటే బోటులో తడి ఎందుకని ఎంసీల్ పెట్టి మూసేశాను. ఆ సీజన్ బాగానే నడిచింది. ఎండాకాలం నీళ్లు తగ్గి బోటు గట్టెక్కింది, మూడు నెలలు దాన్ని ముట్టుకోలేదు. మళ్లీ నీళ్లొచ్చాక సెల్ఫ్ కొడితే ఇంజిన్ అందుకుంది గానీ, వెంటనే బెల్ట్ కీచుమంది, కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. పొగతో పాటు పడాల్సిన నీళ్లు పడలేదు. ఆపేసి బెల్ట్ తీశాను. పానా వేస్తే ఇంజిన్ తిరుగుతోంది, పంపు పుల్లీ మాత్రం రాయిలా బిగుసుకుపోయింది. ఇంజిన్ సీజ్ కాలేదని ఊపిరి పీల్చుకున్నాను.

పంపు విప్పి జమ్మలమడుగులో లేత్ షాపుకు తీసుకెళ్లాను. కవరు తీస్తే ఇంపెల్లర్ రెక్కలు వంగినవి వంగినట్టే ఉన్నాయి, రెండు మొదళ్ల దగ్గర చీలిపోయాయి. షాఫ్ట్‌ను కొట్టబోతే అక్కడి పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "సర్‌క్లిప్ పీకకుండా కొడితే బాడీ పగిలిపోతాది అబ్బీ." బేరింగు జారకుండా పట్టి ఉంచే ఆ స్టీలు రింగు తుప్పులో కూరుకుపోయి నా కంటికి ఆనలేదు. దాన్ని పీకి, రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టాడు. పొద్దున పంపు మీద సలసల కాగే నీళ్లు పోశాడు. పంపు బాడీ గన్‌మెటల్, అంటే ఒకరకం కంచు; అది ఉక్కు బేరింగు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుందట. ఇంపెల్లర్ వైపు నుంచి చెక్కముక్క ఆనించి చిన్నగా తడితే నాలుగో దెబ్బకు షాఫ్ట్ కదిలింది. తుప్పు నీళ్లు ఎర్రగా బల్ల మీద కారాయి.

బేరింగులు ఎక్కడో చెన్నై నుంచి తెప్పించుకోవాలని, నెల రోజులు బోటు ఆగిపోతుందని ఒకటే టెన్షన్ పడ్డాను. తుడిచి చూస్తే నంబరు 6203! మన నీళ్ల మోటార్లకు వేసేవే. ప్రొద్దుటూరులో అడిగిన మొదటి కొట్టులోనే దొరికాయి. సీలు కూడా అక్కడే దొరికింది. పాత సీలు రాసుకున్న చోట షాఫ్ట్ మీద గోరుకు తగిలేంత గాడి పడింది. కొత్త షాఫ్ట్ అక్కర్లేకుండా పెద్దాయన కొత్త సీలును రెండు మిల్లీమీటర్లు జరిపి, నున్నటి చోట ఆనేలా కూర్చోబెట్టాడు. ఆ పనితనం చూసి తీరాలి. చిల్లులోని ఎంసీల్‌ను నేనే సూదితో గీకి తీశాను.

ఇంపెల్లర్ మాత్రం ఇక్కడ దొరకలేదు, పదకొండు రోజులు ఆగాల్సి వచ్చింది. బిగించేటప్పుడు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బుతుందన్నారు, సబ్బునీళ్లు రాశాను.

ఈ ఇంజిన్‌కు ఆయిల్ మార్చి బెల్ట్ చూసుకుంటే చాలని ఇదివరకు చాలామందికి చెప్పాను. నడిచే రోజుల్లో ఇప్పటికీ అదే మాట. ఖాళీగా ఉండే నెలల్లో మాత్రం అది చాలదు. ఇప్పుడు బోటు గట్టెక్కగానే ఇంపెల్లర్ తీసి డబ్బాలో దాస్తున్నాను, పదిహేను రోజులకోసారి పుల్లీని చేత్తో తిప్పుతున్నాను.

నాది మంచినీళ్ల పని, రోజుకు మూడు నాలుగు గంటలు మించదు, లేత్ షాపు దగ్గర్లోనే ఉంది. కాకినాడ వైపు ఉప్పునీళ్లలో పొద్దంతా నడిపేవాళ్లకు నా లెక్క కుదరకపోవచ్చు. నాలాంటి పని ఉన్నవాళ్లయితే ఈ ఇంజిన్ కొనుక్కోవచ్చు, ఇంపెల్లర్ ఇంకొకటి కూడా అప్పుడే తీసుకోండి.