పీడీఎఫ్ చాలా, ఫైర్ రాయాలా: ఏది మేలు?

నెల్లూరు, కావలి, ఒంగోలు నర్సింగ్‌హోముల వాళ్ళు ఈ మధ్య ఫోన్ చేస్తే అడిగేది ఒకటే: "అన్నా, ఆభా నంబరుకి రికార్డులు కలపమంటున్నారు. రిపోర్టు పీడీఎఫ్ పెట్టేస్తే పోదా, ఆ ఫైర్ అంతా రాయాల్సిందేనా?" ఆభా అంటే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు నంబరు. ఫైర్ (FHIR) అంటే ఆసుపత్రుల కంప్యూటర్లు రికార్డులు ఇచ్చిపుచ్చుకునేందుకు పెట్టుకున్న ఉమ్మడి పద్ధతి. పోయిన నెల కావలిలో ఒక చిన్న ఆసుపత్రికి ఈ పని చేసి వచ్చాను కాబట్టి నాకు తోచింది చెబుతాను.

అసలు ప్రశ్నే కొంచెం వంకరగా ఉంది. ఈ ఆభా నడిపే కేంద్ర పథకం, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో రికార్డు ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, పేషెంటు ఒప్పుకున్నాకే అవతలికి పోతుంది. పోయేది ఎలాగూ ఫైర్ నాలుగో వెర్షన్ (ఆర్4) రూపంలోనే. పీడీఎఫ్ పెట్టినా ఆ ఫైర్ అనే సంచిలో పడే వెళుతుంది. సంచిలో వేసింది కాగితం బొమ్మా, లెక్కకు వచ్చే అంకెలా అన్నదే తేడా.

కనిగిరి నుంచి ఒక కిడ్నీ పేషెంటు వస్తాడనుకోండి. ఒకసారి ఒంగోలులో రక్తపరీక్ష, ఇంకోసారి నెల్లూరులో, చివరికి మద్రాసు. అక్కడి డాక్టరుకి కావలసింది రెండేళ్ళలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎలా పెరిగిందన్న గీత. పీడీఎఫ్‌లైతే ఎనిమిది తెరిచి, అంకెలు వెతికి చీటీ మీద రాసుకోవాలి. ఓపీలో అంత తీరిక ఎవరికుంది?

అంకెలు పంపినా సగం పనే. ఒక ల్యాబ్ 'సీరం క్రియాటినిన్' అంటుంది, ఇంకొకటి 'ఎస్. క్రియాట్' అంటుంది. రెండూ ఒకటేనని కంప్యూటరుకి తెలియాలంటే లాయింక్ (LOINC) కోడ్ ఉండాలి, అంటే ఒక్కో ల్యాబ్ పరీక్షకి ప్రపంచమంతా వాడే ఒకే నంబరు. మిల్లీగ్రాముల్లో అయితే 2160-0, మైక్రోమోల్స్‌లో అయితే 14682-9. డెసిలీటరుకి 1.2 మిల్లీగ్రాములంటే లీటరుకి దాదాపు 106 మైక్రోమోల్స్. యూనిట్ ఊడిపోయి 106 ఒక్కటే కనబడితే డాక్టరుకి టెన్షన్, పేషెంటుకి అంతకు మించి. నా లెక్కలో ఫైర్ రాశామా లేదా అన్నది పెద్ద విషయం కాదు, ఈ కోడ్లు ఎవరు కూర్చుని పెట్టారన్నదే అసలు సంగతి. కావలిలో ల్యాబ్ టెక్నీషియన్‌తో రెండు సాయంత్రాలు కూర్చుని, రోజూ చేసే నలభై పరీక్షలకు కోడూ యూనిటూ పెట్టించాను. వాళ్ళ జాబితాలోనే క్రియాటినిన్ మూడు పేర్లతో ఉంది!

రోగ నిర్ధారణ దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గాను. జబ్బుల పేర్లకు కోడ్లిచ్చే స్నోమెడ్ సీటీ మన దేశంలో ఉచితమే, కానీ ఓపీ గదిలో డాక్టరుని కోడ్ ఎంచుకోమంటే జాబితాలో మొదట కనబడింది నొక్కేస్తాడు. తప్పు కోడ్ కన్నా ఉత్త మాటలే నయం.

ల్యాబ్ మెషిన్లు కొన్ని హెచ్ఎల్7 వెర్షన్ 2 అనే పాత సందేశాల పద్ధతిలో మాట్లాడతాయి. మెషినుకీ సాఫ్ట్‌వేరుకీ మధ్య దాన్ని అలాగే ఉండనివ్వండి. ఆసుపత్రి గడప దాటేటప్పుడు ఫైర్‌లోకి మార్చితే చాలు. ఫైర్ కన్నా పాతదైన సీడీఏ అనే పత్రాల పద్ధతి జోలికి ఇప్పుడు కొత్తగా పోనక్కర్లేదు. రికార్డులు దాచుకునే మరో పద్ధతి ఓపెన్ఈహెచ్ఆర్ మంచిదే, మన ఊళ్ళ పనికి బరువెక్కువ.

పీడీఎఫ్‌ని మరీ తీసిపారేయను. డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టు, పాత ఫైళ్ళు అలాగే పోతే తప్పులేదు. ఒకే కంప్యూటరున్న క్లినిక్‌కి అంతకన్నా చెప్పను. వాట్సాప్‌లో పంపితే ఫోన్ మారినప్పుడు పోతుంది, అంతే.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు రిసెప్షన్‌లో 14 అంకెల ఆభా నంబరు సరిగ్గా ఎక్కుతోందా చూసుకోండి. కావలిలో నేనున్న రోజు ఓపీకి ముగ్గురు పెంచలయ్యలు వచ్చారు. అందులో ఇద్దరి ఇంటి పేరూ ఒకటే.