బోరు నీళ్లకు సాఫ్ట్‌నర్: చాలాకాలం వాడాక, ముక్క వాసన సంగతితో సహా

సాఫ్ట్‌నర్, అంటే నీళ్ల గట్టిదనం తగ్గించే యంత్రం, తన పని తాను బాగానే చేస్తుంది. 500 పీపీఎం (లీటరుకు 500 మిల్లీగ్రాములు) హార్డ్‌నెస్, అంటే గట్టిదనం, ఉన్న బోరు నీళ్లకు 40 లీటర్ల రెజిన్ (గట్టిదనాన్ని పట్టుకునే సన్నటి గుళికలు) ఉన్న యంత్రం పెట్టాక కుళాయిల మీద తెల్లటి పెచ్చు కట్టడం ఆగింది, గీజర్ కాయిల్ శుభ్రంగా ఉంటోంది, తక్కువ సబ్బుకే నురగ వస్తోంది. ఈ విషయంలో వంక పెట్టేందుకు ఏమీ లేదు. ఇబ్బందంతా వాసనతోనే. పెట్టిన కొన్నాళ్లకు పొద్దున్నే కుళాయి తిప్పితే తడి మట్టిలాగా, మూసిపెట్టిన గదిలాగా ముక్క వాసన వస్తుంది. మెషీన్ పాడైందని రెజిన్ మార్పించేవాళ్లున్నారు. కొత్త రెజిన్ వేసినా కొన్నాళ్లకు అదే వాసన తిరిగొస్తుంది, ఎందుకంటే మూలం చాలాసార్లు బోరులోనే ఉంటుంది.

బోరు గొట్టంలో ఐరన్ బాక్టీరియా వంటివి కొద్దిపాటిగా ఉన్నా, నీళ్లు పారుతున్నంతసేపూ మన ముక్కుకు తెలియదు. సాఫ్ట్‌నర్‌లో కోట్ల సంఖ్యలో ఉండే రెజిన్ గుళికల మీద అవి జిగురు పొరగా పెరుగుతాయి. మన ఊళ్లలో మెషీన్ ఎక్కువగా డాబా మీదే ఉంటుంది. మోటారు రోజుకు గంటసేపు నడుస్తుంది, మిగతా 23 గంటలూ ఆ నీళ్లు ఎండకు వేడెక్కుతూ కదలకుండా నిలబడతాయి. బాక్టీరియాకు ఇంతకంటే అనువైన చోటు లేదు. ఊరెళ్లి వారం తర్వాత వచ్చినప్పుడు వాసన ఎక్కువగా ఉండటానికీ ఇదే కారణం.

అందుకని ముందు వాసన ఎక్కడ మొదలవుతోందో పట్టుకోవాలి. మూతలున్న శుభ్రమైన గాజు సీసాలు తీసుకుని ఒకదాంట్లో బోరు డెలివరీ పైపు నుంచి నేరుగా, ఒకదాంట్లో సాఫ్ట్‌నర్‌లోకి వెళ్లే నీళ్లు, ఒకదాంట్లో సాఫ్ట్‌నర్ దాటాక, మరోదాంట్లో ట్యాంకు నుంచి, చివరిదాంట్లో గీజర్ నుంచి సగం వరకు పట్టండి. మూత పెట్టి, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, గట్టిగా ఊపి, బయట గాలిలో నిలబడి వాసన చూడండి. వేడికి వాసన తేలిగ్గా పైకి వస్తుంది. బోరు సీసాలోనే ఉంటే మూలం బోరు. సాఫ్ట్‌నర్ దాటాకే ఉంటే రెజిన్ లేదా ఉప్పు డబ్బా (రెజిన్‌ను కడిగే ఉప్పునీళ్లు తయారయ్యే ట్యాంకు). మొదటి బకెట్లో మాత్రమే వచ్చి ఐదు నిమిషాల్లో పోతే నిల్వ నీళ్ల వాసన. గీజర్ నీళ్లలో మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే అది గీజర్ ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే మెగ్నీషియం ఆనోడ్ రాడ్ వల్ల. అల్యూమినియం-జింక్ రాడ్ వేయిస్తే సరిపోతుంది, సాఫ్ట్‌నర్ జోలికి వెళ్లక్కర్లేదు. కొత్తగా పెట్టిన మొదటి వారంలో వచ్చే ప్లాస్టిక్ వాసన వేరే సంగతి, నాలుగైదు బ్యాక్‌వాష్‌లతో (నీళ్లను కింది నుంచి పైకి ఎదురు పారించి రెజిన్‌ను కడగడం) పోతుంది. మురుగు వాసన వస్తే మాత్రం ఆ నీళ్లు తాగడం ఆపి, నీటి ల్యాబులో బాక్టీరియా పరీక్ష చేయించాలి. బోరుకు సెప్టిక్ ట్యాంకు ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి.

శుద్ధి బోరుతోనే మొదలుపెట్టాలి. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు 6.5 లీటర్ల నీళ్లుంటాయి. బోరులో 300 అడుగుల మేర నీళ్లు నిలిచి ఉంటే దాదాపు 2,000 లీటర్లు. 100 పీపీఎం క్లోరిన్ రావాలంటే 200 గ్రాముల క్లోరిన్ కావాలి, అంటే 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ 800 గ్రాములు. పాత పొడిలో బలం ఉండదు, కొత్త ప్యాకెట్టే తేవాలి. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లనే బోరులో పోయాలి. సున్నం బోరులోకి వెళితే మోటారుకు చేటు. హోస్ పైపుతో బోరు నీళ్లనే తిరిగి కేసింగ్‌లోకి (బోరు పైగొట్టం) కాసేపు పారిస్తే గోడలూ కడిగినట్టవుతాయి. ఈ పని మొదలుపెట్టే ముందే సాఫ్ట్‌నర్‌ను బైపాస్‌లో పెట్టి (నీళ్లు దానిలోకి వెళ్లకుండా పక్కదారి పట్టించి), ఆర్వో కుళాయి కట్టేయాలి; క్లోరిన్ తగిలితే ఆర్వో మెంబ్రేన్ పాడవుతుంది. ప్రతి కుళాయిలో బ్లీచింగ్ వాసన వచ్చేదాకా వదిలి, ఆపేసి, కనీసం 12 గంటలు అలాగే ఉంచాలి. ఆ తర్వాత వాసన పోయేదాకా నీళ్లన్నీ మురుగు కాలవలోకి వదిలేయాలి, మొక్కలకు మళ్లించొద్దు. సంపు, పై ట్యాంకు కూడా అప్పుడే కడగాలి, లేకపోతే పడిన శ్రమంతా వృథా.

ఇక రెజిన్. లీటరు రెజిన్‌కు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 1.25 మిల్లీలీటర్ల లెక్కన 40 లీటర్లకు 50 మిల్లీలీటర్లు చాలు. సువాసన కలిపినది వద్దు. 10 శాతం ద్రావణం దొరికితే సగమే వేయాలి. ఉప్పు డబ్బాలో (బ్రైన్ ట్యాంకు) నీళ్లుండగా మధ్య గొట్టంలో పోసి, మాన్యువల్‌గా రీజనరేషన్ (ఉప్పునీళ్లతో రెజిన్‌ను మళ్లీ పనికి సిద్ధం చేయడం) మొదలుపెట్టి పూర్తిగా కానివ్వాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అవుతుందనుకోవద్దు, క్లోరిన్ రెజిన్‌ను తినేస్తుంది. నీళ్లలో ఐరన్ ఉండి రెజిన్ ఎర్రబడితే ముందు ఐరన్ క్లీనరు (తుప్పు వదిలించే మందు) వేసి, పూర్తిగా కడిగి, మరో రోజు హైపోక్లోరైట్ వేయాలి. నిమ్మ ఉప్పు గానీ, ఏ యాసిడ్ గానీ బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. ఈ రెండూ ఎప్పుడూ ఒకేసారి వేయకండి.

ఉప్పు డబ్బాను చాలామంది పట్టించుకోరు. రాళ్ల ఉప్పులో మట్టి ఉంటుంది, అది అడుగున నల్లటి జిగురుగా పేరుకుంటుంది. ఆరు నెలలకోసారి ఖాళీ చేసి కడగాలి. పైన ఉప్పు నిండుగా కనిపిస్తూ లోపల గుల్లగా ఉంటే ఉప్పు గడ్డకట్టినట్టు. కర్రతో పొడిచి చూస్తే తెలుస్తుంది. అలాంటప్పుడు ఉప్పునీళ్లు రెజిన్‌కు చేరవు, హార్డ్‌నెస్ తిరిగొస్తుంది. అయొడైజ్డ్ మెత్తటి ఉప్పు వేస్తే ముద్దకట్టడం ఇంకా ఎక్కువ.

మెషీన్ విషయంలో నా అసలు ఫిర్యాదు బ్యాక్‌వాష్ గురించే. 10 అంగుళాల వెసెల్‌లో (రెజిన్ ఉండే నిలువు సిలిండరు) రెజిన్ పైకి లేచి దులుపుకోవాలంటే నిమిషానికి సుమారు 10 లీటర్ల ప్రవాహం కావాలి. ఉప్పునీళ్లు పీల్చడానికి చాలా ఆటోమేటిక్ వాల్వులకు కనీసం 1.5 బార్ దాకా ఒత్తిడి కావాలి. పై ట్యాంకు 10 అడుగుల ఎత్తులో ఉంటే వచ్చేది 0.3 బారే. ప్రెషర్ పంపు లేకుండా బిగిస్తే బురద, జిగురు లోపలే ఉండిపోతాయి, ఎన్నిసార్లు మందు వేసినా వాసన మళ్లీ వస్తుంది. కొనేటప్పుడే ఈ మాట అడగండి. డ్రెయిన్ పైపు కొస కూడా మురుగులో మునగకూడదు, రెండంగుళాల ఖాళీ వదలాలి. మునిగి ఉంటే మురుగు వెనక్కి పీల్చే ప్రమాదం ఉంది.

వాడకం లెక్క: లీటరు రెజిన్ 50 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుందనుకుంటే 40 లీటర్లకు 2,000 గ్రాములు. 500 పీపీఎం నీళ్లయితే 4,000 లీటర్లకోసారి రీజనరేషన్, ఒక్కోసారికి 6 కిలోల ఉప్పు. రోజుకు వెయ్యి లీటర్ల ఇల్లయితే నాలుగు రోజులకోసారి పడుతుంది, వాసనకూ అది మేలే. వాడకం తక్కువున్న ఇళ్లలో మీటరు చూసుకోకుండా మూడు నాలుగు రోజులకోసారి ఎలాగూ జరిగేలా టైమర్ పెట్టుకోవాలి. ఊరి నుంచి రాగానే కుళాయిలు తిప్పేముందు ఒకసారి రీజనరేషన్ నడపాలి. వీలైతే మెషీన్‌ను నీడలో పెట్టించండి.

వంటింటి కుళాయికి మాత్రం సాఫ్ట్‌నర్‌లోకి వెళ్లని నీళ్లతో వేరే లైను వేయించడం మంచిది. 500 పీపీఎం హార్డ్‌నెస్ తీసేస్తే లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా చేరుతుంది. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే ఈ లైను తప్పనిసరి. లేదంటే తాగే నీళ్లకు ఆర్వో ఉండాలి.