ఎర్వ్ విల్సన్ కీబోర్డు అమరిక: ఏళ్ల తరబడి వాయించాక

పియానో మీటలు పక్కనపెట్టి, షట్కోణ మీటలున్న కీబోర్డు మీద ఎర్వ్ విల్సన్ అనే సంగీత సిద్ధాంతకర్త అమరికలో వాయించడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఈ మధ్యలో కీబోర్డులు మారాయి, సాఫ్ట్‌వేర్ మారింది, అమరిక మాత్రం మారలేదు. అందుకే ఇది ఫలానా కంపెనీ వస్తువు మీద సమీక్ష కాదు, ఆయన ఆలోచన మీద సమీక్ష. స్థాయిని, అంటే స నుంచి పై స వరకు ఉన్న దూరాన్ని, 12 భాగాలు చేస్తే సరిపోదని చెవికి అనిపించిన ఎవరికైనా, ఆ మిగతా స్వరాలను చేతికి అందించే దారి ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. లోపాలు ఉన్నాయి. వాటిలో ఒకటి పెద్దదే, కాస్త ముందుకు వెళ్లాక చెబుతాను.

విల్సన్ 1928లో మెక్సికోలోని చివావా రాష్ట్రంలో పుట్టారు. ఎక్కువ కాలం లాస్ ఏంజిలిస్‌లో ఉండి, 2016లో చనిపోయారు. ఆయన ఉద్యోగం డ్రాఫ్ట్స్‌మన్‌గా బొమ్మలు గీయడం. సంగీతం గురించి కూడా ఆయన గీసే ఆలోచించారు. వాక్యాల్లో చెప్పినది తక్కువ, పటాల్లో చెప్పినది చాలా ఎక్కువ. కీబోర్డు అమరికకు మూలం ఆయనది కాదు. ఇంగ్లండ్‌లో బోసంకెట్ అనే ఆయన 1870లలోనే స్థాయికి 53 స్వరాలున్న హార్మోనియం చేయించి, ఏ శ్రుతిలో మొదలుపెట్టినా వేళ్ల ఆకారం మారకుండా మీటలు పేర్చారు. విల్సన్ ఆ అమరికను తీసుకుని షట్కోణ మీటల మీదికి తెచ్చి, ఒక్క 53కే కాకుండా ఎన్నో ట్యూనింగ్‌లకు ఎలా పరచవచ్చో చూపించారు. ఈ రోజు వస్తున్న షట్కోణ మీటల కీబోర్డుల్లో కొన్నింటి వెనక ఉన్నది ఆయన గీసిన గీతలే.

అమరిక ఇలా ఉంటుంది. ఒక మీట నుంచి అదే వరుసలో కుడివైపు మీటకు వెళితే ఒక పూర్తి టోన్ (స నుంచి చతుశ్రుతి రి వరకు ఉన్నంత దూరం). కుడివైపు పైకి ఏటవాలుగా వెళితే ఒక రకం అర టోన్, కుడివైపు కిందికి వెళితే ఇంకో రకం అర టోన్. ఈ రెండూ కలిపితే ఒక టోన్ అవుతుంది. అంతే, ఇంతకు మించి సూత్రం లేదు. 12 స్వరాల ట్యూనింగ్‌లో ఆ రెండు అర టోన్లూ సమానం. స్థాయిని 19 సమాన భాగాలు చేసిన ట్యూనింగ్‌లో, అంటే 19లో, కింది అడుగు 2 భాగాలు, పై అడుగు 1. 31లో కిందిది 3, పైది 2. 53లో తలకిందులై కిందిది 4, పైది 5. చెయ్యి మాత్రం ఒకే జాగాకు వెళుతుంది. సరిగమపదనిస ఒకసారి ఈ మీటల మీద పట్టుబడితే, ట్యూనింగ్ మార్చినా అదే చేతితో వాయించేయొచ్చు. ఏ మీట నుంచి మొదలుపెట్టినా ఆకారం ఒకటే. పియానో మీద ప్రతి శ్రుతికీ వేళ్లు వేరుగా పెట్టడం నేర్చుకున్న వాళ్లకు ఇది ఎంత పెద్ద విడుదలో మాటల్లో చెప్పడం కష్టం.

నేను ఎక్కువగా ఉన్నది 31 దగ్గరే. స్థాయిని 31 సమాన భాగాలు చేస్తే ఒక్కోటి 38.7 సెంట్లు (స్థాయి మొత్తం 1200 సెంట్లు). అంతర గాంధారం 10 అడుగుల దగ్గర, 387 సెంట్లకు వస్తుంది. 5:4 నిష్పత్తిలోని శుద్ధ గాంధారం 386.3. తంబురాలో దానంతట అదే పలికే స్వయంభు గాంధారం ఇదే. పియానో గాంధారం 400 దగ్గర ఉంటుంది కాబట్టి మధ్య సి మీద కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) పట్టుకుంటే శబ్దం పెరుగుతూ తగ్గుతూ సెకనుకు పదిసార్లకు పైగా అల కొట్టుకుంటుంది. 31లో అదే కార్డ్‌లో గాంధారం అల సెకనుకు ఒకటి కూడా ఉండదు. మొదట్లో ఈ నిశ్చలత చప్పగా అనిపిస్తుంది. కొన్ని నెలలు ఇందులోనే ఉంటే మాత్రం మళ్లీ 12కు వెళ్లినప్పుడు ప్రతి కార్డూ గరగరమంటుంది. ఇంకో లాభం, 7:4 నిష్పత్తి నిషాదం. శుద్ధంగా 968.8 సెంట్లు, 31లో 967.7. పియానోలో దీనికి దగ్గరగా ఏమీ లేదు, అక్కడ ఉన్నది 1000. ఈ నిషాదం కోసమే 31లోకి రావచ్చు.

దీనికి చెల్లించే ధర పంచమం. 31లో అది 696.8 సెంట్లు, శుద్ధ పంచమం కంటే 5 సెంట్లు తక్కువ. కార్డ్‌లో ఇబ్బంది పెట్టదు. కింద డ్రోన్ (తంబురాలా ఆగకుండా మోగే ఆధార స్వరం) పెట్టుకుని ఒంటరిగా పంచమం పట్టుకుంటే మాత్రం చెవి ఒప్పుకోదు, నాకు ఇప్పటికీ ఒప్పుకోదు.

మరి పంచమం కచ్చితంగా కావాలంటే 53కు వెళ్లాలి. అక్కడ పంచమం 701.9, శుద్ధ పంచమంతో తేడా చెవికి దొరకదు. ముందు చెప్పిన పెద్ద లోపం ఇక్కడే ఉంది, దీని గురించి ఎవరూ సరిగ్గా హెచ్చరించరు. 31లో రెండు టోన్లు కుడివైపు వెళితే తీయటి గాంధారం వస్తుంది. 53లో అదే రెండు టోన్లు వెళితే 18 అడుగులు, 408 సెంట్లు, పదునైన పైథాగరస్ గాంధారం, అంటే పంచమాలు పేర్చుకుంటూ పోతే వచ్చేది. శుద్ధ గాంధారం 17వ అడుగు మీద ఉంది. అది చేతికి ఎక్కడ దొరుకుతుందంటే, అలవాటైన గాంధారం మీటకు దాదాపు నేరుగా కింద, మధ్యలో ఒక వరుస వదిలి. మధ్యమం వైపు నుంచి చూస్తే దాని నుంచి ఎడమవైపు కిందికి ఒక్క అడుగు. 41 ట్యూనింగ్‌లోనూ ఇదే పరిస్థితి. అంటే ‘ట్యూనింగ్ మారినా చెయ్యి మారదు’ అన్నది పంచమాల వరకు, స్కేళ్ల వరకు నిజం. కార్డ్‌ల దగ్గర 12, 19, 31 ఒక కుటుంబం, 41, 53 ఇంకో కుటుంబం. ఒక కుటుంబం కార్డ్ ఆకారాలు రెండోదానిలో పనిచేయవు, మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. విల్సన్ పటాలు జాగ్రత్తగా చూస్తే ఇదంతా అందులో ఉంది. అమరికను పొగిడే వాళ్ల మాటల్లో మాత్రం ఉండదు. కొనేముందు ఇది తెలియాలి.

పనిలో పనిగా ఒక మాట. 22 శ్రుతులంటే స్థాయిని 22 సమాన భాగాలు చేయడమే అనుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. బోసంకెట్ కూడా 1877లో ఆ దిశగానే లెక్కలు వేశారు. 22 సమాన భాగాల్లో పంచమం 709 సెంట్లకు పోతుంది. దాన్ని షడ్జం పక్కన పెట్టి విన్న ఎవరూ అది మన పంచమం అనరు. ఆ ట్యూనింగ్ దానికదే చాలా అందమైనది. మన శ్రుతులకు బదులుగా మాత్రం వాడొద్దు.

విల్సన్ ఆలోచనల్లో నాకు రోజూ పనికొచ్చేది 1975లో ఆయన ‘మొమెంట్ ఆఫ్ సిమెట్రీ’ అని పేరుపెట్టినది. ఒక దూరాన్ని తీసుకుని పదేపదే పేర్చుకుంటూ పోతాం, స్థాయి దాటినప్పుడల్లా లోపలికి మడుస్తాం. స్వరాల మధ్య ఖాళీలు సరిగ్గా రెండే కొలతల్లో మిగిలిన చోట ఆగుతాం. పంచమంతో చేస్తే 5 దగ్గర, 7 దగ్గర, 12 దగ్గర ఆగవచ్చు. మోహనం ఐదు స్వరాలు, శంకరాభరణం ఏడు స్వరాలు ఈ ఆగే చోట్లే. అసలు సరదా పంచమం కాకుండా వేరే దూరంతో చేసినప్పుడు మొదలవుతుంది. 31లో 7 అడుగుల దూరాన్ని, అంటే 271 సెంట్లను, పేర్చుకుంటూ వెళ్లండి. 9 స్వరాల దగ్గర ఆగుతుంది. 4, 3, 4, 3, 4, 3, 4, 3, 3. విల్సన్ మీటల మీద 7 అంటే ఒక మీట కుడికి, ఒక మీట కుడివైపు పైకి. చెయ్యి ఆ ఏటవాలు దారిలో ఎక్కుతుంటే స్కేల్ తయారవుతుంది. ఇందులో పంచమం ఉంది, 7:4 నిషాదం ఉంది, కానీ తెలిసిన రాగమేదీ లేదు. పదునూ కాదు, మెత్తనా కాదు. నేను ఈ స్కేల్‌లో రాసుకున్నంత ఇంకే స్కేల్‌లోనూ రాసుకోలేదు. కాగితం మీద లెక్కలు వేసి ఇక్కడికి చేరడానికి గంటలు పడుతుంది, ఈ మీటల మీద చెయ్యే చూపిస్తుంది.

ఇక హెక్సనీ, విల్సన్ కట్టిన ఆరు స్వరాల సమూహం. 1, 3, 5, 7 తీసుకుని రెండేసి చొప్పున గుణిస్తే 3, 5, 7, 15, 21, 35 వస్తాయి. స్థాయిలోకి మడిస్తే ఆరు స్వరాలు. ఈ ఆరింటిలో 1 లేదు, అంటే షడ్జం అని చెప్పుకునే స్వరం లేదు. కానీ ఎనిమిది కార్డ్‌లు ఉన్నాయి. 7, 21, 35 కలిస్తే నిఖార్సైన మేజర్ కార్డ్. 3, 5, 15 కలిస్తే మైనర్. ఆరు స్వరాలూ ఈ రెండింట్లోనే అయిపోయాయి, అయినా ఇంకా ఆరు కార్డ్‌లు అవే స్వరాల్లోంచి వస్తాయి. ఆరు మూలలు, ఎనిమిది ముఖాలున్న ఆక్టాహెడ్రన్‌గా దీన్ని గీశారు విల్సన్. ఏ ముఖం మీద నిలబడితే అదే ఇల్లు. డ్రోన్ పెట్టుకుని వాయిస్తే ఈ గుణం చచ్చిపోతుంది, ఏదో ఒక స్వరం షడ్జమై కూర్చుంటుంది. డ్రోన్ ఆపేసి, ఒక కార్డ్ నుంచి రెండు స్వరాలు ఉంచి మూడోది మార్చుకుంటూ నెమ్మదిగా తిరగాలి. షడ్జం ఆధారంగానే వినడం అలవాటైన చెవికి మొదట టెన్షన్‌గా ఉంటుంది. ఓపిక పట్టమని గట్టిగా చెబుతాను. ఆధారం లేకుండానే సంగీతం నిలబడడం నేను విన్నది ఇక్కడే. 31లో ఇవి 4, 10, 12, 18, 25, 28 అడుగుల మీద పడతాయి, తేడా కొద్దిపాటిదే. కాబట్టి అదే కీబోర్డు మీద, అదే ట్యూనింగ్‌లో ఇప్పుడే వాయించవచ్చు.

ఆయన పటాల్లో మన వాళ్లకు ఇంకో ఆకర్షణ ఉంది, మేరు స్కేళ్లు. పింగళుడి ఛందశ్శాస్త్రంతో ముడిపడిన మేరు ప్రస్తారం లఘు గురువుల లెక్కకు పుట్టిన అంకెల త్రిభుజం. విల్సన్ ఆ త్రిభుజంలో ఏటవాలు వరుసలు కూడి, వచ్చిన సంఖ్యల మధ్య నిష్పత్తులతో స్కేళ్లు కట్టారు. మొదటి ఏటవాలులో వచ్చేవి 1, 1, 2, 3, 5, 8, 13. వాటి నిష్పత్తి 1.618 వైపు, సెంట్లలో 833 వైపు స్థిరపడుతుంది. వినడానికి కంచు గంటల సమూహంలా ఉంటాయి ఈ స్కేళ్లు. పాట కట్టుకోవడానికి నాకు అంతగా లొంగలేదు, సాగే ధ్వనులకు మాత్రం అద్భుతంగా ఉన్నాయి.

విల్సన్ కాగితాలు ఉచితంగానే చదువుకోవచ్చు. సంగీతకారుడు క్రేగ్ గ్రేడీ వాటిని ఏళ్లుగా భద్రపరిచి అందరికీ అందిస్తున్నారు, ఆ సేవ విలువ కట్టలేనిది. కానీ చదవడం కష్టం. చేతిరాత, అంకెలు, గీతలు, వివరణ దాదాపు శూన్యం. ఒక పటం ముందు పెన్సిల్ పట్టుకుని కూర్చుని, ప్రతి నిష్పత్తినీ సెంట్లలోకి మార్చుకుని, వాయించి చూస్తేనే అర్థమవుతుంది. ఒకసారి అర్థమైందంటే మాత్రం మర్చిపోవడం ఉండదు.

ఏర్పాట్ల గురించి తక్కువలో. ఈ కీబోర్డులకు సొంత శబ్దం ఉండదు, కంప్యూటర్‌లో సింథ్ (శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్) కావాలి. కీబోర్డు నుంచి సింథ్‌కు స్వరాలు పంపే మిడీ పద్ధతిలో ఒక ఛానెల్‌కు 128 స్వరాలే కాబట్టి 31లో నాలుగు స్థాయిలకే అయిపోతాయి, 53లో రెండున్నర కూడా రావు. మీటలను ఎక్కువ ఛానెళ్లలో పంచాలి, మొదటి వారాల విసుగంతా ఇక్కడే. ట్యూనింగ్ ఫైళ్లకు స్కాలా, శబ్దానికి సర్జ్ ఎక్స్‌టీ వాడతాను. రెండూ ఉచితమే. రీడ్ ఆర్గాన్ లాంటి నిలిచే శబ్దంతో మొదలుపెట్టండి, పియానో శబ్దం మోగి తగ్గిపోతుంది కాబట్టి తేడాలు వినబడే లోపే కరిగిపోతాయి. షట్కోణ మీటలు చిన్నవి, లోతు తక్కువ. నేను వాడిన ఒక కీబోర్డులో కొన్ని మీటలు మెత్తగా నొక్కితే పలికేవి కావు, సరిచేయించుకోవడానికి చాలాకాలం పట్టింది. వేగంగా వాయించేవాళ్లకు పియానో మీద ఉన్నంత నియంత్రణ దొరకదు. గమకం కోసమైతే అసలు వద్దు, వీణో వయొలినో గొంతో చేసే పని మీటలు చేయలేవు.

కార్డ్‌లు ఇష్టపడే వాళ్లు, కొత్త స్కేళ్లలో స్వరపరచాలనుకునే వాళ్లు తీసుకోండి. 31తో మొదలుపెట్టి కనీసం ఒక ఏడాది అక్కడే ఉండండి. హెక్సనీ చేతిలోకి వచ్చాకే 53 జోలికి వెళ్లండి. 1, 3, 5, 7, 9, 11 నుంచి మూడేసి గుణించి విల్సన్ తయారుచేసిన 20 స్వరాల ఐకొసనీ నేను ఇప్పుడు నేర్చుకుంటున్నాను. దానికి ఈ అమరిక సరిపోదు, మీటలన్నీ వేరుగా పరుచుకుని రంగులు వేసుకోవాల్సి వచ్చింది. అది వేరే సమీక్ష అవుతుంది.