గడువుకు 72 గంటల ముందే ప్రపోజల్ పంపడం: పదేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

పరిశోధన నిధుల కోసం ఆన్‌లైన్‌లో ప్రపోజల్ పంపేటప్పుడు, ప్రకటనలో ఇచ్చిన చివరి గడియకు 72 గంటల ముందే నా పని ముగిసిపోవాలన్న నియమాన్ని 2015 నుంచి పాటిస్తూ వస్తున్నాను. విశాఖపట్నంలో రసాయనశాస్త్రం బోధిస్తూ, తీరానికి దగ్గరి సముద్రజలాల్లోనూ అడుగుమట్టిలోనూ చేరుతున్న భారలోహాల మీద పని చేస్తున్న నేను, ఈ కాలంలో చిన్నవీ పెద్దవీ కలిపి 14 ప్రపోజల్స్ వేర్వేరు పోర్టళ్ల ద్వారా పంపాను. వాటిలో 12 ఈ నియమం ప్రకారమే వెళ్లాయి. రెండింటి విషయంలో నియమం తప్పింది. ఈ పద్ధతి నన్ను ఎంతవరకు ఆదుకుందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో చెబితే, కొత్తగా ఉద్యోగంలో చేరి మొదటి ప్రపోజల్ రాసుకుంటున్న అధ్యాపకులకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

నియమం పుట్టింది ఒక నష్టం వల్ల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి దగ్గర తీరం దాటాక చాలా రోజులు కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, వీధుల నిండా కూలిన చెట్లే. తుఫాను కుదిపేసిన అడుగుమట్టిలో సీసం, కాడ్మియం వంటి లోహాలు మళ్లీ ఎలా సర్దుకుంటాయో ఏడాది పొడవునా గమనించాలని, పరిస్థితి కాస్త కుదుటపడగానే ఒక ప్రపోజల్ రాశాను. అటువంటి అవకాశం సముద్రం మీద పని చేసేవారికి జీవితంలో ఒకటి రెండు సార్లకు మించి రాదు. చివరి రోజు రాత్రి పదిన్నరకు లాగిన్ అయ్యాను. ఎనిమిది ఫైళ్లలో ఏడు ఎక్కాయి. ఎనిమిదోది, ప్రపోజల్‌కు సంస్థ ఆమోదం ఉందని చెప్పే, సంస్థ అధిపతి సంతకం, ముద్ర ఉన్న ఎండార్స్‌మెంట్ పత్రం, ఎక్కుతున్నట్టు గీత సగం వరకు వచ్చి అక్కడే నిలిచిపోయింది. కంగారులో నా విద్యార్థి పక్క కంప్యూటర్‌లో అదే లాగిన్‌తో పోర్టల్ తెరిచాడు. దానితో నా సెషన్ తెగిపోయి, సేవ్ కాని బడ్జెట్ పేజీ ఖాళీ అయింది. మళ్లీ నింపుతుండగా 504 అని, అంటే సర్వర్ నుంచి సమయానికి జవాబు రాలేదని, తెల్లటి పేజీ. ఆ పేజీని ఎన్నిసార్లు రిఫ్రెష్ చేశామో లెక్క లేదు. 12 గంటల 3 నిమిషాలకు పోర్టల్ చక్కగా, చాలా వేగంగా తెరుచుకుంది. గడువు ముగిసిందని చెప్పింది. మరునాడు పంపిన ఈమెయిల్‌కు, సాంకేతిక ఇబ్బందులను కారణంగా పరిగణించలేమని నాలుగు రోజుల తర్వాత జవాబు వచ్చింది. మళ్లీ దరఖాస్తులు పిలిచేసరికి ఏడాది గడిచింది. అప్పటికి ఆ మట్టి ఆ మట్టి కాదు.

ఆ రాత్రి ఏం జరిగిందో కంప్యూటర్ సైన్స్ విభాగంలోని మిత్రుడు వివరించాక నా ఆలోచన మారింది. క్యూలను లెక్కగట్టే గణితంలో అతి సరళమైన నమూనాను తీసుకున్నా, సర్వర్ తన సామర్థ్యంలో సగం పనిలో ఉన్నప్పుడు ఒక పనికి పట్టే సగటు సమయం, ఖాళీగా ఉన్నప్పటికంటే రెండింతలు అవుతుంది. 90 శాతం నిండితే అది పదింతలు, 99 శాతానికి చేరితే వందింతలు. అంటే రద్దీ కొద్దిగా పెరిగినంత మాత్రాన నిరీక్షణ కూడా కొద్దిగానే పెరుగుతుందనుకోవడం పొరపాటు. చివరి అంచు దగ్గర అది ఒక్కసారిగా ఎగబాకుతుంది. పైగా మనం విసుగుతో రిఫ్రెష్ నొక్కినప్పుడు పాత అభ్యర్థన చాలాసార్లు రద్దు కాదు. సర్వర్ దాన్ని మోస్తూనే ఉంటుంది, కొత్తది దాని మీద వచ్చి పడుతుంది. వందల మంది ఒకే నిమిషంలో అదే పని చేస్తే ఎంత మంచి యంత్రమైనా నిలవదు. సింహాచలంలో స్వామి నిజరూప దర్శనం చందనోత్సవం నాడు మాత్రమే దొరుకుతుంది కనుక, క్యూలైన్లు ఎన్ని వేసినా ఆ రోజుకు కొండ చాలదు. ప్రపోజల్ పంపడానికి మాత్రం సాధారణంగా కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. దాన్ని మనమే ఒక్క రాత్రికి కుదించుకుంటున్నాం.

ఇక వాడకం సంగతి. మూడు రోజుల ముందు పోర్టల్ తేలికగా తెరుచుకుంటుంది, ఓటీపీ నిమిషంలోపే వస్తుంది, హెల్ప్‌డెస్క్‌లో మనిషి ఫోన్ ఎత్తుతాడు. ఇవన్నీ నేను ఆశించినవే. ఆశించకుండా దక్కిన మేలు వేరే ఉంది: పోర్టల్ మన వివరాలతో తయారు చేసే పీడీఎఫ్‌ను సబ్‌మిట్ నొక్కకముందే తీరిగ్గా చదువుకునే సమయం. 2018లో అలా చదువుతుంటే, సారాంశంలో లీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని రాసిన చోటల్లా మైక్రో గుర్తు మాయమై వట్టి గ్రాములే మిగిలాయని కనబడింది. వర్డ్ ఫైల్ నుంచి అతికించినప్పుడు ఆ గుర్తును పోర్టల్ మింగేసింది. ఒక గ్రాము అంటే 10 లక్షల మైక్రోగ్రాములు. ఆ లెక్కన మా తీరంలో నీళ్లకు బదులు సీసమే పారుతున్నట్టు నా ప్రపోజల్ చెబుతోంది. గడువు రాత్రి అయితే ఆ పేజీ తెరవకుండానే సబ్‌మిట్ నొక్కేసి ఉండేదాన్ని, నిపుణుల సంఘం మొదటి పేరా దగ్గరే దాన్ని పక్కన పెట్టి ఉండేది. అప్పటి నుంచి గుర్తుల బదులు మాటల్లోనే రాస్తున్నాను.

72 గంటల ముందు పంపాలంటే అసలు పని అంతకంటే ముందే మొదలుకావాలి. ఆలస్యమంతా సాధారణంగా ఎండార్స్‌మెంట్ దగ్గరే జరుగుతుంది. ప్రిన్సిపాల్ గారు సమావేశానికి వెళ్లారనీ, రిజిస్ట్రార్ కార్యాలయంలో ఫైలు రెండు బల్లలు దాటాలనీ తెలిసేసరికి నాలుగు రోజులు పోతాయి. అందుకే ప్రపోజల్ సగంలో ఉండగానే, శీర్షికా బడ్జెట్టూ ఖరారైన వెంటనే ఆ పత్రాన్ని టైప్ చేయించి పంపుతాను. పరికరాల కొటేషన్ల విషయమూ అంతే. స్కానింగ్‌లో ఒక చిన్న జాగ్రత్త నాకు చాలా పనికొచ్చింది: సంతకాల పేజీని రంగుల్లో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే ఫైలు అనవసరంగా బరువెక్కుతుంది, గ్రేస్కేల్‌లో 150 డీపీఐ చాలు, అక్షరాలూ ముద్రా స్పష్టంగానే కనిపిస్తాయి. ఫైలు పేర్లలో ఖాళీలు, తెలుగు అక్షరాలు లేకుండా చూసుకుంటాను. ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ తప్ప ఇంకేవి కనబడినా తిప్పికొట్టిన పోర్టళ్లను చూశాను.

పోర్టల్‌లో ఖాతా తెరవడం మాత్రం ప్రకటన వచ్చిన రోజే చేయాలి. సంస్థలు మారితే ఫార్మాట్లూ మారుతాయి. 2023 చట్టంతో పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థగా అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఏర్పడి, అంతకుముందు ఆ పని చేసిన ఎస్ఈఆర్‌బీ (సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు) అందులో కలిసిపోయిన తర్వాత, కిందటిసారి వాడిన నమూనా పత్రాలను మళ్లీ వాడుకోవచ్చని ఎవరూ నమ్మకం పెట్టుకోకూడదు.

విదేశీ పథకాలకు పంపేవారు గడియారాన్ని మరింత జాగ్రత్తగా చూడాలి. యూరోపియన్ యూనియన్ పథకాల గడువు సాధారణంగా బ్రస్సెల్స్ సమయం సాయంత్రం 5 గంటలు. మన గడియారంలో అది వేసవిలో రాత్రి 8.30, చలికాలంలో 9.30. ఆ పోర్టల్‌లో నాకు బాగా నచ్చిన సౌకర్యం, ఒకసారి పంపిన ప్రపోజల్‌ను గడువులోపు ఎన్నిసార్లయినా సరిదిద్ది మళ్లీ పంపే వీలు. చివరగా పంపినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ముందుగా పంపేవారికి నష్టం లేకుండా చేయడమంటే ఇదే. నేను వాడిన మన పోర్టళ్లలో ఎక్కువ భాగం ఒకసారి సబ్‌మిట్ నొక్కగానే తలుపు మూసేస్తాయి. జనం చివరి నిమిషం వరకు ఆగడానికి ఆ భయం కూడా ఒక కారణమని నా గట్టి నమ్మకం, ఈ ఒక్క సౌకర్యం వస్తే రద్దీ సగం దానంతటదే పలచబడుతుంది.

పద్ధతిలో లోపాలు లేవని చెప్పను. రెండుసార్లు నియమం తప్పింది ఇతర సంస్థల్లోని సహ పరిశోధకుల పత్రాలు రాకపోవడం వల్లనే. వారికి చివరి తేదీ ఆ ప్రకటనలోని తేదీయే, నా 72 గంటలతో వారికి పని లేదు. ఇప్పుడు వారికి పంపే మొదటి ఉత్తరంలోనే నా తేదీని గడువుగా రాస్తున్నాను, అసలు తేదీని కూడా దాచకుండా చెబుతున్నాను. మరోసారి నేను పంపేసిన మరునాడే సవరణ ప్రకటన వచ్చి, బడ్జెట్ పట్టిక రూపం మారింది. సబ్‌మిట్ అయినదాన్ని తెరిపించుకోవడానికి మూడు ఈమెయిళ్లు, రెండు ఫోన్లు పట్టాయి. అయినా తెరిచారు, ఎందుకంటే ఇంకా సమయం ఉంది. ఇంకొకసారి గడువును పది రోజులు పొడిగించారు. ఆ పది రోజుల్లో మెరుగుపరచగలిగిన పద్ధతుల విభాగం అలాగే వెళ్లిపోయిందని బాధ కలిగింది. ఆ ప్రపోజల్ మంజూరు కాలేదు. తొందరపడి పంపడమే కారణమేమోనన్న సందేహం నాకు ఇప్పటికీ ఉంది.

ఏ కారణం చేతనైనా చివరి రోజే పంపాల్సివస్తే, నా అనుభవంలో తెల్లవారుజామున 5 నుంచి 8 గంటల మధ్య పోర్టళ్లు తేలికగా పలికాయి. ఒకే కంప్యూటర్, ఒకే ట్యాబ్, ఒకే మనిషి. ప్రతి పేజీకీ డ్రాఫ్ట్ సేవ్ చేయాలి. ఫైలు ఎక్కుతున్నట్టు చూపే గీత ఆగిపోతే రిఫ్రెష్ నొక్కకుండా కొన్ని నిమిషాలు ఓపిక పట్టి, ఆ తర్వాతే మళ్లీ ప్రయత్నించాలి. ఎర్రర్ సందేశం వచ్చిన ప్రతిసారీ తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, గడువు ముగియకముందే హెల్ప్‌డెస్క్‌కు ఈమెయిల్ చేయాలి. ముగిసిన తర్వాత పంపిన ఫిర్యాదుకూ ముందు పంపినదానికీ ఎంత తేడా ఉంటుందో 2014లో తెలుసుకున్నాను. అక్టోబరు, నవంబరు నెలల్లో మా ఊళ్లో గాలివాన మొదలైతే కరెంటును నమ్ముకోలేం కనుక, ల్యాప్‌టాప్ పూర్తిగా చార్జ్ అయి, ఫోన్ హాట్‌స్పాట్ పక్కన ఉండాలి.

ప్రపోజల్ నంబరుతో రసీదు పీడీఎఫ్ దిగేవరకు పని పూర్తయినట్టు కాదు. దాన్ని నాకూ, సహ పరిశోధకులకూ ఈమెయిల్ చేసి, ఒక కాపీ ప్రింటు తీసి ల్యాబ్ రిజిస్టర్‌లో అతికిస్తాను. 12 రసీదులు ఆ రిజిస్టర్‌లో ఉన్నాయి, పైన సమయం అచ్చై ఉంది: అన్నీ పగటిపూటవే.