మ్యాట్ నెత్తిన మొలిచే గరికకి ఏం కప్పాలి?

మా పెరట్లో పరిచిన నల్లటి కలుపు మ్యాట్ మీద నాకున్న కోపమంతా ఒక్క విషయంలోనే. కింద నుంచి కలుపు రాకుండా ఆపుతుందని కొన్నాం, చాలావరకు ఆపింది కూడా. కానీ మొదటి వానాకాలం వెళ్లేసరికే దాని నెత్తిమీదే గరిక మొలిచింది. మందం ఎంత, వెడల్పు ఎంత, ఎన్నేళ్లు వస్తుంది అనేవి కొట్లోవాళ్లు అడగకుండానే చెప్తారు, అవి వదిలేస్తున్నాను. ఇది యూరియా బస్తాలా నేసిన రకం అని గుర్తుంచుకుంటే చాలు. గుంటూరు మిర్చి రైతులు వేసే వెండి రంగు ప్లాస్టిక్ మల్చింగ్ షీటు వేరు. అది కూడా చూశాం. ప్రత్తిపాడు దగ్గర మిర్చి వేసే మా పెదనాన్నగారబ్బాయి మిగిలిన ముక్క ఇస్తే, తుంగ ఉన్న మూలన పరిచాం. తుంగ మొలక కొన సూదిగా ఉంటుంది కదా, షీటుని పొడుచుకుని నిటారుగా నిలబడింది. "చేలో కూడా అంతే, మిగతావన్నీ ఆగుతాయి, అదొక్కటే ఆగదు" అన్నాడు అన్నయ్య. అందుకే నేసిన మ్యాట్‌కి వెళ్లాం.

మా ఇల్లు విజయవాడలో అజిత్‌సింగ్ నగర్ వైపు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద మీదపడి వెళ్లాక, ఇళ్లలో బురదని ఫైరింజన్లు పెట్టి కడిగారు. పెరట్లో మేటవేసిన ఒండ్రుని ఎవరు ఎత్తుతారు? ఆ చలికాలం అందులోంచి లేచినంత వయ్యారిభామ నేనెప్పుడూ చూడలేదు. తుంగ అంతకుముందూ ఉండేది గానీ, ఆ మట్టి దొరికాక రెచ్చిపోయింది. మా అత్తయ్యగారికి వయ్యారిభామ పడదు, తగిలితే మోచేతుల దాకా దద్దుర్లు. ఆవిడేమో తులసికి నీళ్లు పోయకుండా ఉండలేరు.

మా మరిది "ఒక్క ట్యాంకు గ్లైఫోసేట్ కలుపుమందు కొట్టిస్తే పోద్ది కదా వదినా" అని మొదలుపెట్టాడు. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ మందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలి. అదలా ఉంచినా, మాకు కరివేపాకు, మునగ, మల్లెపాదులు పక్కపక్కనే ఉన్నాయి. గాలి అటు తిరిగితే కలుపుతో పాటు అవీ పోతాయి. ఎదురింటాయన లీటరు నీళ్లకి 200 గ్రాముల కల్లుప్పు కలిపి వయ్యారిభామ మీద కొట్టమన్నారు. రోడ్డు పక్కన, ఖాళీ స్థలాల్లో అది పనికొచ్చే మాటే. మళ్లీ మొక్క పెట్టుకోవాల్సిన మట్టిలో ఉప్పెలా పోస్తాం?

వేసిన కొత్తలో ఈ మ్యాట్‌ని మా వీధిలో అందరికీ పొగిడాను. వయ్యారిభామ వరకైతే ఇప్పటికీ అదే మాట. పూత రాకముందే గ్లవ్స్ వేసుకుని ఉన్నదంతా పీకించి, పైన ఇది కప్పేశాం. అడుగున మొలిచినవి వెలుతురు లేక అక్కడికక్కడే పోయాయి. గోడ వారన మ్యాట్ లేని జానెడు సందులో తప్ప మళ్లీ కనపడలేదు. అనుకోని లాభం ఇంకోటి: రోహిణి కార్తెలో మా నల్లమట్టి కాలు ఇరుక్కునేంతగా బీటలు వారేది, మ్యాట్ కింద ఒక్క బీట లేదు. ఎత్తి చూస్తే చల్లగా తేమ, వానపాములు. ఆ వేసవి మల్లెలు ఎంత పూశాయంటే, దండకి పోగా మిగిలినవి వాటాలేసి పంచాం.

చిక్కల్లా పైభాగంతోనే. నలుపు కదా, బెజవాడ ఎండకి మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. లేత వంగ మొక్కల కాండం మ్యాట్‌కి ఆనిన చోట కమిలిపోయింది. అందుకని మొక్క చుట్టూ వరిగడ్డి పరిచాం, కమలడం ఆగింది. ఆ గడ్డి మీద వేపాకు రాలింది, రోడ్డు దుమ్ము పడింది, నీళ్లు పోస్తుంటే అంతా మాగి బొటనవేలు మందాన మంచి ఎరువు తయారైంది. పాదులో అయితే సంతోషించేవాళ్లం. మ్యాట్ మీద తయారైతే ఏమవుతుందో 2025 అక్టోబరులో మొంథా తుఫాను వానలు వెలిశాక తెలిసింది.

గోడ అవతలి నుంచి గరిక పాకి వచ్చింది. గరిక కణుపు కణుపుకీ వేరు వేస్తుంది. పైనున్న ఎరువులో వేళ్లు దించి, అక్కడితో ఆగక నేత సందుల్లోంచి కింద మట్టిలోకి దూరింది. పైపైనే ఉంది కదా అని మా ఆయన ఒక తీగ పట్టుకుని లాగితే గరికతో పాటు మ్యాట్ కూడా లేచింది, ఇనుప పిన్నులు ఊడి వచ్చాయి. తడిసిన నల్లమట్టిలో ఆ పిన్నులు ఎటూ నిలవవు, ఇటుకలే మేలు. ఇంకొంచెం గట్టిగా లాగేసరికి వేళ్లు పట్టుకున్న చోటల్లా నేత విచ్చుకుని నల్లటి పోగులు బయటికొచ్చాయి. కత్తిరించి తీద్దామని కత్తెర పెడితే ఇంకా పోగులు. వేలు దూరే కంత ఒకటి, దాని పక్కనే మరొకటి. కార్తీకం వెళ్లేలోపు ఆ కంతలన్నిటిలో తుంగ తలలెత్తింది. మట్టిలో గరికని పీకడం కష్టమే, కానీ మ్యాట్‌లో కుట్టుకుపోయిన గరికని పీకడం పగవాళ్లకి కూడా వద్దు.

నిజానికి ఇది వేశాక కలుపు తీసే పని పోయి ఊడ్చే పని వచ్చింది. పైన చెత్త నిలవకుండా వారం వారం ఈనెల చీపురుతో ఊడ్చుకుంటే చాలా కాలం బాగుంటుంది. కొట్లో ఆ సంగతి ఎవరూ చెప్పరు. మొక్కల కోసం మ్యాట్‌కి కన్నాలు కత్తెరతో కోయొద్దు. పాత పాలడబ్బా అంచు పొయ్యి మీద బాగా కాల్చి, ఆరుబయట నిలబడి అద్దితే గుండ్రంగా కరిగి అంచు గట్టిపడుతుంది, పోగులు లేవవు. కంపు మాత్రం భరించాలి.

తుంగ గురించి ఇంకో మాట. చిరగని చోట ఎత్తి చూస్తే మొలకలు తెల్లగా పాలిపోయి, మడతలు పడి కనిపించాయి. చచ్చాయనుకుని సంబరపడ్డాను. నున్న ఊరి నుంచి పనికొచ్చే ఆవిడ గునపంతో ఓ చోట తవ్వి చేతిలో పెట్టింది: సన్నటి వేరుకి వరసగా నాలుగైదు నల్లటి గడ్డలు, గోటితో గిల్లితే లోపల తెల్లగా, తుంగ వాసనతో. "దుప్పటి కప్పితే తుంగ పడుకుంటదమ్మా, చావదు" అంది. వన్‌టౌన్ పచారీ కొట్లలో సున్నిపిండికని ఈ గడ్డల్నే తుంగముస్తలని డబ్బిచ్చి కొనుక్కుంటాం, మా పెరట్లో ఉన్నవి తవ్వుకుపొమ్మంటే మాత్రం ఎవరూ రారు.

పూలపాదుల్లో మ్యాట్ తీసేశాం. అక్కడ మట్టి పదునుగా ఉన్నప్పుడు గడ్డలతో సహా తవ్వించి, ఎండలో ఆరబోస్తున్నాం. ఎండు గడ్డలు మళ్లీ మొలవవు గానీ, మట్టిలో మిగిలినవి మొలుస్తూనే ఉన్నాయి. ఖాళీగా ఉన్న మూలన గుమ్మడి తీగ పాకిస్తే ఆ నీడకి తుంగ కాస్త పలచబడింది. ఇంటి పక్క సందులో, మునగ చెట్టు కింద మ్యాట్ అలాగే ఉంది, బాగానే ఉంది. మాకు సొంతిల్లు, పెద్ద పెరడు, నాకేమో మోకాళ్ల నొప్పి. కూర్చుని కలుపు తీయలేను, నిలబడి ఊడ్వగలను. ఆ లెక్కన సందు వరకు మళ్లీ కొంటాను. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి, పాదులు తరచూ మార్చేవాళ్లకి ఇది కొనమని చెప్పలేను. పాదుల్లోంచి తీసినవాటిలో చిరగని ముక్క ఎదురింటివాళ్లకి ఇచ్చేశాను. వాళ్లకి తుంగ లేదు, ఉన్నదంతా వయ్యారిభామే.